కంటి పరీక్షకు ధర ఉండాలి

విజయవాడ బీసెంట్ రోడ్డులో, గుంటూరు అరండల్‌పేటలో ఆప్టికల్ షాపుల వరస చూస్తే 'కంప్యూటర్ ద్వారా కంటి పరీక్ష ఉచితం' అనే బోర్డులు చాలానే కనిపిస్తాయి. లోపల ఆ పరీక్ష చేసేది కంప్యూటర్ కాదు, మనిషి. ఇంటర్ తర్వాత నాలుగేళ్లు చదివి, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌గా రోగులను చూసి వచ్చిన ఆప్టోమెట్రిస్టు (చూపు పరీక్షించే నిపుణుడు) కావచ్చు. షాపులోనే ఉంటూ పని చూసి నేర్చుకున్న కుర్రాడు కావచ్చు. కొనేవారికి ఇద్దరి మధ్యా తేడా తెలియదు. పరీక్షకు డబ్బు అడగరు కనుక తెలుసుకోవాలని కూడా ఎవరికీ అనిపించదు. ఆప్టోమెట్రీ చదివిన పిల్లలు జీతగాళ్లుగానే ఉండిపోతారా, సొంతంగా నిలబడతారా అన్నది ఈ 'ఉచితం' దగ్గరే తేలిపోతోందని మా అభిప్రాయం.

వీరి పని సైటు చూసి పవర్ రాయడంతో అయిపోదు. కాంటాక్ట్ లెన్సులు అమర్చాలి. చూపు బాగా తగ్గిపోయిన వారికి లో విజన్ పరికరాలు ఎంచి ఇవ్వాలి. పిల్లల్లో మెల్లకన్ను, బద్ధక కన్ను (ఒక కంటి చూపు మందగించడం) వయసు మీరకముందే పసిగట్టాలి. నీటికాసుల అనుమానం వస్తేనో, షుగర్ రోగి కంటి లోపలి పొర మీద మచ్చలు కనిపిస్తేనో ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరకు పంపాలి. ఆపరేషన్ వీరి పని కాదు. మందులతో వైద్యం చేయడమూ కాదు. ఈ గీత స్పష్టంగానే ఉంది. అయినా ఆప్టోమెట్రిస్టు సొంతంగా బోర్డు పెడితే రోగులకు ప్రమాదమని కొందరు కంటి డాక్టర్లు అంటుంటారు. పొరపాటు జరిగే ప్రమాదం చదువుకున్న వారి దగ్గర ఎక్కువా, ఏ చదువూ లేకుండా పవర్ రాస్తున్న చోట ఎక్కువా అన్నది వారే ఆలోచించాలి.

కోర్సు పూర్తి చేసిన వారి ముందు ఇప్పుడున్న దారుల్లో మొదటిది ఆసుపత్రి. తాడిగడపలో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి, సూర్యారావుపేట, కొత్తపేట వీధుల్లోని ప్రైవేటు ఆసుపత్రులు. మొదటి రెండు మూడేళ్లకు ఇంతకన్నా మంచి బడి లేదు. రకరకాల కేసులు కళ్లబడతాయి, తప్పు చేస్తే సరిదిద్దే పెద్దవారు పక్కనే ఉంటారు. అయిదారేళ్లు గడిచాక చాలామందికి పని మారదు, హోదా మారదు, జీతం కూడా అంతంతమాత్రంగానే పెరుగుతుంది. చిక్కు అక్కడ మొదలవుతుంది. ప్రభుత్వంలో పారా మెడికల్ ఆప్తాల్మిక్ ఆఫీసర్ పోస్టులున్నా నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. లెన్సు కంపెనీల్లో ట్రైనింగ్, సేల్స్ ఉద్యోగాలు కొందరికి నప్పుతాయి. గల్ఫ్‌కు వెళ్లేవారు లైసెన్సు పరీక్ష రాసుకుని వెళుతున్నారు, నాలుగు రాళ్లు వెనకేసుకుంటున్నారు. వారిని తప్పు పట్టాల్సిన పనేమీ లేదు.

ఇక గొలుసు షాపులు. టైటన్ 2007లో కళ్లద్దాల వ్యాపారంలోకి వచ్చింది. 2010లో పుట్టిన లెన్స్‌కార్ట్ 2025 నవంబర్‌లో స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది. ఇలాంటి కంపెనీలు వచ్చాక ఆప్టోమెట్రిస్టుకు నెల తిరిగేసరికి జీతం, పీఎఫ్, నిర్ణీత పని వేళలు అనేవి కొంతవరకు అలవాటయ్యాయి. అది మంచిదే. అయితే షాపు ఏ కంపెనీదైనా రాబడి ఫ్రేమ్ మీద, లెన్సు మీద, వాటికి వేసే కోటింగ్ మీద వస్తుంది. పరీక్ష గదిలో కూర్చున్న మనిషికి ఎంతమందిని చూశావన్న లెక్కతో పాటు, అందులో ఎంతమంది కొన్నారన్న లెక్క కూడా చుట్టుకుంటుంది. ఈ టెన్షన్ మధ్య 'మీ పవర్ మారలేదు, పాత అద్దాలే వాడుకోండి' అని చెప్పగలగడం తేలిక కాదు. చెప్పగలిగిన వారికి మా నమస్కారం.

సొంతంగా పెట్టుకోవాలంటే ఏం చేయాలి? చాలామంది వెంటనే ఫ్రాంచైజీ వైపు చూస్తారు. పేరు వాళ్లది, సరుకు వాళ్లది, ప్రకటనలూ వాళ్లవే. పెట్టుబడి, అద్దె, కరెంటు బిల్లు, సిబ్బంది జీతాలు మాత్రం మనవి. ధర ఎంత, డిస్కౌంట్ ఎప్పుడు అనేవి కంపెనీ చెప్పినట్టే జరగాలి. డబ్బున్న వ్యాపారికి ఇది సరిపోయే బేరం కావచ్చు. చేతిలో విద్య ఉన్న వారికి మాత్రం అప్పు చేసి ఉద్యోగం కొనుక్కున్నట్టే. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మూడు సంగతులు చదువుకోవాలి. మధ్యలో వదిలేస్తే డిపాజిట్ ఎంత తిరిగొస్తుంది? అదే కంపెనీ పక్క వీధిలో ఇంకో షాపు తెరవకుండా హామీ ఉందా? రోగుల వివరాలు ఎవరికి చెందుతాయి? మూడోది చాలామంది అడగరు. కంటి ప్రాక్టీసులో అసలు ఆస్తి ఆ వివరాలే.

అందరూ మరచిపోతున్న దారి ఒకటుంది. గవర్నర్‌పేటలో, బ్రాడీపేటలో, తెనాలిలో, గుడివాడలో తరాలుగా నడుస్తున్న ఆప్టికల్ షాపులున్నాయి. యజమానులకు వయసు మీద పడింది. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు, తిరిగొచ్చి కౌంటర్‌లో కూర్చోరు. అక్కడ తాతల కాలం నుంచి వచ్చే ఖాతాదారులు, ఎవరి పవర్ ఎప్పుడు మారిందో రాసి ఉంచిన రిజిస్టర్లు, చేయి తిరిగిన ఫిట్టింగ్ పనివాడు ఉంటారు. లేనిదల్లా క్వాలిఫైడ్ ఆప్టోమెట్రిస్టు ఒక్కరే. కొత్తగా గుడ్‌విల్ కట్టి, అడ్వాన్స్ ఇచ్చి, ఇంటీరియర్‌కు లక్షలు పోసే బదులు, ఇలాంటి షాపులో జీతంతో పాటు ఏటా కొంత వాటా అనే ఒప్పందంతో చేరి, నాలుగైదేళ్లలో పూర్తిగా తీసుకోవచ్చు. పెద్దాయనకు నెలనెలా డబ్బు అందుతుంది, షాపు పేరూ నిలుస్తుంది. ఇది నోటిమాటగా జరగకూడదు. ఆడిటరు దగ్గర మూడేళ్ల లెక్కలు చూసుకుని, భాగస్వామ్య పత్రం రాయించి రిజిస్టర్ చేయించుకోవాలి. మన దగ్గర భాగస్వామ్యాలు ఎక్కువగా చెడిపోయేది మొదట్లో మొహమాటపడటం వల్లే.

ఇంకా తక్కువ పెట్టుబడితో కావాలంటే పాలీక్లినిక్‌లో ఒక గది అద్దెకు తీసుకోవచ్చు. లేదా సోమవారం ఒక ఊరు, గురువారం ఇంకో ఊరు అన్నట్టు నాలుగైదు షాపులకు విజిటింగ్‌గా వెళ్లవచ్చు. పవర్ చూసే రెటినోస్కోప్, రకరకాల పవర్ల లెన్సులుండే ట్రయల్ బాక్స్ చేత్తో పట్టుకుపోగలిగినవే. ఆటో రిఫ్రాక్టోమీటర్, స్లిట్ ల్యాంప్ వంటి పెద్ద పరీక్షా యంత్రాలు ప్రాక్టీసు కుదురుకున్నాక కొనుక్కోవచ్చు.

బయటి దేశాలు ఈ యాజమాన్యపు ముడిని ఎలా విప్పుకున్నాయో చూడటం మంచిది. బ్రిటన్‌లో 1984లో పెర్కిన్స్ అనే ఆప్టోమెట్రిస్టు దంపతులు మొదలుపెట్టిన స్పెక్‌సేవర్స్ ఉమ్మడి భాగస్వామ్య పద్ధతిలో పెరిగింది. అక్కడ భాగస్వామిగా షాపు నడిపే ఆప్టోమెట్రిస్టుకు అందులో వాటా ఉంటుంది. కొనుగోళ్లు, ప్రకటనల వంటి భారం కంపెనీ మోస్తుంది. అమెరికాలో పలు రాష్ట్రాల చట్టాలు కంపెనీ నేరుగా ఆప్టోమెట్రిస్టును జీతానికి పెట్టుకోనివ్వవు. అందువల్ల అక్కడ చాలాచోట్ల అద్దాల షాపు పక్కనే గది అద్దెకు తీసుకుని ఆప్టోమెట్రిస్టు తన పేరుతో, తన ఫీజుతో ప్రాక్టీసు నడుపుతారు. పరీక్ష పూర్తయ్యాక అడగకపోయినా పవర్ చీటీ రోగి చేతికి ఇవ్వాలని, తమ దగ్గరే అద్దాలు కొనాలని షరతు పెట్టకూడదని 1978 నుంచి అక్కడ నిబంధన ఉంది. మన దగ్గర పవర్ కాగితం మీద రాసివ్వమంటే కొన్ని షాపుల్లో ముఖాలు మారిపోతాయి. చీటీ ఇస్తే గిరాకీ పక్క షాపుకు పోతుందని భయం. పరీక్షకు విడిగా డబ్బు తీసుకుని ఉంటే ఆ భయం ఉండేది కాదు కదా!

అందుకే ఫీజు ఉండాలంటున్నాం. నూట యాభయ్యో రెండు వందలో, ఎంతైనా సరే గోడ మీద రాసి ఉండాలి. రోజుకు పదిమందిని రెండేసి వందలకు చూస్తే నెలలో 25 పనిదినాలకు రూ.50 వేలు వస్తుంది. ఒక్క ఫ్రేమ్ కూడా అమ్మకుండానే గది అద్దె, బ్యాంకు కిస్తీ గడిచిపోయే లెక్క ఇది. ఫీజు పెడితే జనం పక్క షాపుకు పోతారని వ్యాపారులు అంటారు. మొదట్లో కొందరు పోతారు, కాదనం. కానీ ఉచిత పరీక్ష ఖర్చు ఫ్రేమ్ ధరలో కలిసే ఉంటుందని, దాన్ని చివరికి కట్టేది తామేనని జనానికి ఎవరూ చెప్పలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చూపు అద్దాల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. ధరల గురించి ఖాతాదారులతో దాపరికం లేకుండా మాట్లాడటానికి ఇదే సమయం. నిరుపేదలకు, బడిపిల్లలకు ఫీజు మినహాయిస్తే ఎవరూ వద్దనరు.

గిరాకీ ఉంటుందా అన్న అనుమానం మాకు లేదు. 1996–2000 మధ్య ఎల్‌వీ ప్రసాద్ సంస్థ ఉమ్మడి రాష్ట్రంలో 10,293 మందిని పరీక్షించి చేసిన అధ్యయనంలో, అంధత్వానికి శుక్లాల తర్వాత పెద్ద కారణాల్లో ఒకటిగా తేలింది సరిచేయని సైటే. అద్దాలు పెడితే పోయే గుడ్డితనం అది. ఆ సంస్థను స్థాపించిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గుంటూరు వైద్య కళాశాలలో చదువుకున్నవారే. యాభై వేల జనాభాకు ఒక విజన్ సెంటర్ (ప్రాథమిక కంటి పరీక్షా కేంద్రం) ఉండాలన్నది ఆయన నమూనాలో ఒక మెట్టు. ఆ కొలతతో తిరువూరు, నూజివీడు, వినుకొండ, మాచర్ల, రేపల్లె చుట్టుపక్కల పల్లెలను లెక్కేసుకోండి. అస్సాం తేయాకు తోటల్లో 40 ఏళ్లు దాటిన కూలీలకు దగ్గర చూపు అద్దాలిస్తే, అద్దాలివ్వని వారితో పోలిస్తే పని ఫలితం 20 శాతానికి పైగా పెరిగిందని 2018లో వెలువడిన అధ్యయనం చెప్పింది. మంగళగిరి మగ్గాల మీద అంచు నేసేవారికి, మిర్చి తాలు ఏరే కూలీలకు, ఆటోనగర్ మెకానిక్కులకు చత్వారం వస్తే వారి కూలీ మీద ఎంత దెబ్బ పడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. వారెవరూ బీసెంట్ రోడ్డుకు వచ్చి అద్దాలు కొనరు. ప్రాక్టీసే వారి దగ్గరకు వెళ్లాలి. కొత్తవారు బెంజి సర్కిల్‌లో ఇరవై ఒకటో షాపు తెరవడం కన్నా మండల కేంద్రంలో మొదటి షాపు తెరవడం మేలు.

2019 అక్టోబర్ 10న రాష్ట్రంలో ఉచిత కంటి పరీక్షల కోసం మొదలైన కంటి వెలుగు వంటి పథకాలు బడిపిల్లలకు మేలు చేశాయి. కానీ శిబిరం ఎత్తేశాక మళ్లీ పవర్ మారితే పిల్లవాడు ఎవరి దగ్గరకు పోవాలి? ఆ మండలంలో ప్రాక్టీసు పెట్టుకున్న ఆప్టోమెట్రిస్టుకే బడుల పరీక్షలు ఏటా అప్పగించి, తలకు ఇంత అని ప్రభుత్వం చెల్లిస్తే శిబిరాల హడావిడి తగ్గుతుంది, ఆ యువతకు స్థిరమైన రాబడీ ఉంటుంది.

చట్టం ఇప్పటికే ఉంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం యాభైకి పైగా వృత్తులను తన పరిధిలోకి తెచ్చింది. వాటిలో ఆప్టోమెట్రిస్టులూ ఉన్నారు. రాష్ట్ర మండళ్లు (కౌన్సిళ్లు), రిజిస్టర్లు ఉండాలని అది చెబుతోంది. రాష్ట్రాలు సాగదీస్తుంటే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గట్టిగానే గడువు పెట్టింది. ఫలానా వారు రిజిస్టరైన ఆప్టోమెట్రిస్టు అని ఎవరైనా ఫోన్‌లో చూసి తెలుసుకోగలిగితేనే ఈ చట్టానికి అర్థం. కార్పొరేషన్లు, మున్సిపాలిటీలు ఆప్టికల్ షాపుకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు, పరీక్ష చేసేవారి రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే సగం పని అయిపోతుంది.

మిగిలింది డబ్బు సంగతి. ముద్ర పథకంలో హామీ లేకుండా రూ.10 లక్షల దాకా అప్పు ఇవ్వవచ్చు. అదే పథకంలోని తరుణ్ అనే తరగతి కింద ముందు తీసుకున్న రుణం తీర్చినవారికి ఆ పరిమితి రూ.20 లక్షలు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో సేవారంగ యూనిట్లకు రూ.20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు పల్లెల్లో 35 శాతం, పట్టణాల్లో 25 శాతం సబ్సిడీ ఉంది. ఆప్టోమెట్రీ ప్రాక్టీసుకు ఒక నమూనా ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసి జిల్లా పరిశ్రమల కేంద్రాల్లో ఉంచితే దరఖాస్తుదారులకు సగం శ్రమ తగ్గుతుంది. కాలేజీలు కూడా ఇంటర్న్‌షిప్ ఏడాదిలో ఒక నెల పిల్లలను చిన్న ఆప్టికల్ షాపులో కూర్చోబెట్టి స్టాకు, బిల్లింగ్, ఫిట్టింగ్ లెక్కలు నేర్పాలి. బ్యాంకు మేనేజర్లేమో రుణం కోసం వచ్చిన ఆప్టోమెట్రీ అమ్మాయిని, హామీ అక్కర్లేదని రాసి ఉన్న పథకానికి కూడా, 'నాన్నగారిని ష్యూరిటీకి తీసుకురామ్మా' అని తిప్పి పంపడం మానేయాలి.