జాబితాలో లేనివాళ్ల సంగతేంటి?

2020లో అమెరికా వ్యవసాయ శాఖ రైతులకు ఇచ్చిన కరోనా సాయంలో ఏ ఫారానికి ఎంత అందిందో మీ పత్రిక కథనంలో జాబితా వేసి, పెద్ద చెక్కులు తీసుకున్నవాళ్లను దోషుల్లా చూపించారు. అది సబబు కాదు. ఆ సాయం రైతు పేదవాడా, ఉన్నవాడా అని చూసి లెక్కగట్టింది కాదు. పంట ఎంత, పశువులెన్ని అనే లెక్క మీద ఇచ్చింది. మంద పెద్దదైతే చెక్కూ పెద్దదే. మనిషికి పరిమితి 2,50,000 డాలర్లు ఉండేది. ఫారం కంపెనీ పేరు మీద ఉండి, ముగ్గురు భాగస్వాములు అందులో పనిచేస్తున్నట్టు చూపిస్తే మాత్రం 7,50,000 దాకా వెళ్లే వీలుండేది. నిలదీయాలంటే ఆ వెసులుబాటునే నిలదీయాలి, తీసుకున్న రైతును కాదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది జాబితాలో అసలు కనపడనివాళ్ల సంగతి. పెద్ద కంపెనీల కోసం కాంట్రాక్టు మీద కోళ్లు పెంచేవాళ్లకు మొదటి విడతలో పైసా రాలేదు. ఎందుకంటే కోళ్లు కంపెనీవట! షెడ్డు మీద తెచ్చిన అప్పు, కరెంటు బిల్లు మాత్రం రైతువే. కోళ్లు రాక షెడ్డు ఖాళీగా ఉన్నా అప్పు వాయిదా ఆగదు కదా. 2020 డిసెంబరులో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేస్తే గానీ వాళ్లకు దారి దొరకలేదు. మీ విలేఖరి అలాంటి ఒక్క రైతుతోనైనా మాట్లాడారా?