డ్రాగన్లు సరే, వడ్ల కుప్ప సంగతేంది?

ఎల్ఫెన్‌ల్యాండ్ అని ఒక బోర్డు గేముంది. అలన్ ఆర్ మూన్ అనే ఆయన తయారుచేశాడు, 1998లో జర్మనీ వాళ్ళు ఆ ఏడాదికి ఇదే మేటి గేము అని అవార్డు కూడా ఇచ్చారు. ఆడేవాళ్ళంతా ఎల్ఫులు, అంటే చెవులు కొనదేలిన కుర్రకారు, రాజధానిలో బయల్దేరి 4 రౌండ్లలో 20 ఊళ్ళలో ఎన్ని చుట్టగలిగితే అన్ని చుట్టాలి. ఎక్కే బండ్లేమో పెద్ద పంది, ఎల్ఫ్ సైకిలు, యూనికార్ను (ఒంటికొమ్ము గుర్రం), ట్రోల్ అనే రాకాసి బండి, మాయ మబ్బు, డ్రాగను, నీళ్ళు అడ్డమొస్తే తెప్ప. దీన్ని ఫాంటసీ అంటారంట. రూల్స్ మొత్తం చదివాక నాకు అర్థమైందేందంటే ఈ గేములో ఫాంటసీ డ్రాగన్ కాదు, వేరే చోట దాక్కోనుంది, నెల్లూరు ప్రకాశం జిల్లాల ప్రయాణికుల తరఫున దాన్ని బయటపెట్టాల్సిన బాధ్యత నా మీద పడింది (ప్రయాణికులు నన్నేమీ అడగలేదు, వాళ్ళు బస్సు కోసం చూస్తున్నారు).

ముందు ఆట ఎట్టా నడుస్తుందో చెప్తా. రౌండు మొదట్లో చేతిలో 8 ప్రయాణం కార్డులుంటాయి. రోడ్ల మీద ఒక్కొక్కరూ బండి టోకెన్లు పెట్టుకుంటూ పోతారు, ఒక రోడ్డు మీద ఒక బండి టోకెన్ పడిందంటే ఆ రౌండంతా ఆ రోడ్డుకి ఆ బండే, నువ్వు పెట్టినా నేను పెట్టినా అందరికీ అదే, ఆ బండి కార్డు చేతిలో ఉంటేనే ఆ రోడ్డు దాటేది. అంటే నేను చేతినిండా డ్రాగన్ కార్డులు పట్టుకోనుంటే ఎదురోడొచ్చి నా దారి మీద సైకిలు పెట్టి పోతాడు. ఇది చదివి చాలామంది అబ్బా ఏం స్ట్రాటజీ అంటారు గానీ, బస్సు పాసు జేబులో పెట్టుకోని మిట్టమధ్యాహ్నం స్టాపులో నిలబడి షేర్ ఆటోలు తప్ప ఇంకేం రాని రోడ్డు చూసినోడికి ఇందులో కొత్తేముంది చెప్పండి.

పంది విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. రూలు ప్రకారం పెద్ద పంది మైదానంలోనూ అడవిలోనూ ఒక్క కార్డుకే పోతుంది, కొండ ఎక్కదు, ఎడారిలో నడవదు. ఈ గేముని మన రెండు జిల్లాలకి తగ్గట్టు మార్చుకునే వెర్షన్‌లో దాన్ని తీసేసి ఒంగోలు గిత్తని పెట్టాలని ప్రతిపాదన. అయితే ఇక్కడో తగాదా. ఇదే గిత్తల్ని బ్రెజిల్ వాళ్ళు తీసుకెళ్ళి పెంచుకోని నెలోర్ అని మన నెల్లూరు పేరు పెట్టుకున్నారు, అక్కడ ఆవుల మందల్లో ఎక్కువ భాగం అదే జాతి. కాబట్టి టోకెన్ మీద పేరు ఒంగోలా నెల్లూరా తేలేదాకా రెండు జిల్లాల ఆటగాళ్ళు ఒక టేబుల్ దగ్గర కూర్చోరు. ఇంక ఎడారి మన దగ్గర ఎక్కడుంది అని అడిగేవాళ్ళు ఒకసారి మే నెలలో కనిగిరి వైపు పోయి ఆ ప్రశ్న అక్కడే అడగండి.

ఇప్పుడు అసలు సంగతి. గేములో ప్రతి ఆటగాడికీ ఒక్కటంటే ఒక్క అడ్డంకి టోకెన్ ఇస్తారు, ఆట మొత్తానికీ అదే. దాన్ని ఎదురోడు పోయే రోడ్డు మీద పెడితే వాడు ఒక కార్డు ఎక్కువ ఖర్చుపెట్టి దాటుకుంటాడు. రౌండు అయిపోగానే ఆ అడ్డంకిని తీసేస్తారు, మళ్ళీ ఆటలోకి రానే రాదు. ఇది చదివి నేను కాసేపు రూల్స్ కాయితం పక్కన పెట్టేశా. మబ్బు మీద ఎక్కి కొండ దాటావంటే నమ్ముతా, యూనికార్ను అడవిలో ఒక్క కార్డుకే పోతుందన్నా నమ్ముతా, కానీ రోడ్డు మీద పెట్టిన అడ్డంకిని టైముకి ఎవరో వచ్చి తీసేశారంటే, దాన్ని తీసినోడెవడు, ఏ డిపార్టుమెంటు, బిల్లు ఎవరు పాస్ చేశారు?

మా దగ్గర అడ్డంకి అంటే ఎట్టా ఉంటుందో చూడండి. కోతలప్పుడు ఏ డెల్టా పల్లెకి పోయినా రోడ్డులో సగం మీద వడ్లు పరిచి ఉంటాయి. రెండు చివర్లా తలకాయంత రాళ్ళు, వాటి మధ్య ఒక కంపకొమ్మ, కొమ్మకి ఎర్రగుడ్డ ముక్క, పక్కన గొడుగేసుకోని ఒక అవ్వ, గంటకోసారి లేచి వడ్లలో కాళ్ళు ఈడ్చుకుంటూ అటు చివరి నుంచి ఇటు చివరికి నడిచి చాళ్ళు తీసి మళ్ళీ వచ్చి కూర్చుంటది. మనం బండి స్లో చేసి ఎక్స్‌ట్రా కార్డు చూపించామే అనుకోండి, ఆమె కార్డు వైపు కూడా చూడదు, "నాయనా అట్టా వారగా పో, వడ్లు తొక్కబాకు" అంటది. వారగా అంటే కాలవ. మా లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు, కాబట్టి నెల్లూరు వెర్షన్‌లో అడ్డంకుల్ని టోకెన్లలో కాకుండా పుట్లలో కొలవాలి, అవి ఆరేదాకా తియ్యకూడదు, మబ్బు పడితే పట్ట కప్పి ఇంకో రౌండు పొడిగించాలి. పాపం ఆ అవ్వని తప్పుపట్టేదేం లేదు, ఆరబెట్టుకోడానికి వేరే చోటు చూపించినోడు లేడు. రోడ్డు తవ్వి పూడ్చకుండా పోయినోళ్ళకి మాత్రం ఇదే జాలి వర్తించదు, వాళ్ళు వేసిన టోకెన్ మీద ఈపాటికి గడ్డి మొలిచింది.

తెప్ప రూలు మాత్రం వాళ్ళు మా ఊరొచ్చి రాసినట్టుంది. నీళ్ళ మీద ఏ టోకెనూ పెట్టక్కర్లేదు, తెప్ప కార్డు ఉంటే చాలు, వాలుకి పోతే 1, ఎదురు పోతే 2, చెరువైతే 2. గట్టి వాన పడ్డ రోజు నెల్లూరు మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి దగ్గర సరిగ్గా ఇదే పద్ధతి. నీళ్ళు ఎటు పారుతున్నాయో నిలబడి చూసినా తెలీదు గనక చెరువు కిందే జమ, 2 కార్డులు కట్టాల్సిందే.

కారవాన్ అని ఇంకో రూలుంది, సరైన కార్డు లేకపోతే ఏవైనా మూడు కార్డులు కలిపి ఇచ్చి దాటెయ్యొచ్చు. ఇది ఒప్పుకుంటా. బైపాస్ దాకా బస్సు, అక్కడ్నుంచి ఆటో, ఆఖర్న బావమరిది బండి, రోజూ జరిగేదే. 1999లో ఎల్ఫెన్‌గోల్డ్ అని బంగారు నాణేలు, వేలంపాట కలిపి ఇంకో భాగం తెచ్చారు, రాత్రి పదింటికి నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆటో బేరం చూసుంటే ఆ వేలం రూలు ఇంకో రెండు పేజీలు పెరిగుండేది.

మా వెర్షన్‌లో రెండు కొత్త రూల్స్. ఒకటి రొట్టెల రూలు. మొహర్రం అప్పుడు నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు కదా, వీసా రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, కోరిక తీరినోళ్ళు మరుసటేడు అదే రొట్టె తెచ్చి అడిగినోళ్ళకి ఇస్తారు. అట్టాగే డ్రాగన్ కార్డు కావాల్సినోడు ఈ రౌండులో అడిగి తీసుకోవచ్చు, వచ్చే రౌండులో డ్రాగన్ కార్డు తెచ్చి ఇంకొకడికి ఇచ్చి తీరాలి. ఈ గేములో జనం మాట మీద నిలబడే రూలు ఇదొక్కటే, అది కూడా మేం కలిపిందే.

రెండోది కందుకూరు రూలు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు నెల్లూరు నుంచి అటు పోయింది, 2022లో జిల్లాలు మళ్ళీ గీసినప్పుడు ఇటొచ్చింది, అదే ఊపులో సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది, రెక్క ఆడించకుండా ఆ వైపుకి వలసొచ్చే ఫ్లెమింగో పక్షులు కూడా పోయాయి. కాబట్టి కందుకూరులో కూర్చున్న ఆటగాడు కదలకపోయినా ప్రయాణం చేసినట్టే లెక్క, పాయింట్లు ఇవ్వాలి. ఇంత కదిలే ఊళ్ళని అట్ట మీద ప్రింటు చెయ్యడం డబ్బు దండగ, మార్కాపురం పలక ఒకటి కొని బలపంతో గీసుకుంటే తడిగుడ్డతో సరిపోతుంది.

చివరికి గెలుపు. ఊళ్ళు సమానంగా వస్తే చేతిలో ఎక్కువ కార్డులు మిగిలినోడు గెలిచినట్టు అని రూలు. దీని మీద కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఆటగాళ్ళతో పేచీ వచ్చేట్టుంది, ఎందుకంటే 2011-12 రైల్వే బడ్జెట్‌లో నడికుడి–శ్రీకాళహస్తి లైను, 309 కిలోమీటర్లు, మంజూరైన కాడి నుంచీ వాళ్ళ చేతిలో ఒక రైలు కార్డు ఉంది. అది లెక్కలోకి వస్తుందా రాదా? నేనైతే వస్తుందనే అంటా. రూల్లో చేతిలో మిగిలిన కార్డు అన్నారు గానీ ఎక్కగలిగిన కార్డు అని ఎక్కడా రాయలేదు.