మా కాలనీకి ఒక ఎర్ర పడవ

మూడు వైపులా నీళ్లుంటే ద్వీపకల్పం, నాలుగు వైపులా ఉంటే ద్వీపం అని చిన్నప్పుడు సాంఘిక శాస్త్రంలో చదువుకున్నాం. హన్మకొండలో మా కాలనీ పెద్ద వాన పడిన ప్రతిసారీ ఈ రెండు దశలనూ ఒకే రాత్రిలో దాటుతుంది. సాయంత్రం ఏడింటికి ద్వీపకల్పం, చికెన్ సెంటర్ వైపు ఇంకా దారి ఉంటుంది. పదింటికి పైన చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకిందని వాట్సాప్ గ్రూపులో వీడియో వస్తుంది. పదకొండింటికి ద్వీపం. తెల్లారేసరికి ఇంటికొక దీవి.

సముద్రానికి ఇంత దూరంలో ఉండి ఈ హోదా సంపాదించడం మామూలు సంగతి కాదు. లక్షద్వీప్ వాళ్లు పుట్టుకతోనే ద్వీపవాసులు, అందులో వాళ్ల గొప్పేముంది? మేం కష్టపడి అయ్యాం. చెరువు శిఖంలో, అంటే నిండితే నీళ్లు నిలిచే నేలలో, ప్లాట్లు కొన్నాం. నాలా మీద స్లాబులు పోశాం. కాకతీయులు ఒక చెరువు నిండితే నీళ్లు కింది చెరువుకు పోయేలా గొలుసుకట్టుగా తవ్వించారు కదా, ఆ గొలుసు మధ్యలో మా కాలనీని చేర్చాం. ఎనిమిది వందల ఏళ్ల అలవాటు, నీళ్లు దారి మర్చిపోవు. అదే కాకతీయులు ఓరుగల్లు కోట చుట్టూ అగడ్త కోసం ఎంత ఖర్చు పెట్టారో గానీ, మాకు పైసా ఖర్చు లేకుండా ఇంటింటికీ అగడ్త వచ్చింది. తెలంగాణ ఉద్యమంలో నీళ్లు, నిధులు, నియామకాలు అడిగాం. మిగతా రెండింటి సంగతి వేరే వాళ్లు రాస్తారు, మొదటిది మాత్రం మా వీధికి వడ్డీతో సహా అందింది.

ఇది ఒక్కసారి జరిగి పోయిన విషయం కూడా కాదు. 2020 ఆగస్టు మధ్యలో నగరం మునిగింది. అదే నెల 31న అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్ ఉత్తర్వు వచ్చింది. పరుపులు ఎండక ముందే మేం వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు చేసుకున్నాం. ప్లాటును క్రమబద్ధం చేయొచ్చు, నీళ్లను ఎవరు చేస్తారు అని మా పక్కింటి రిటైర్డ్ టీచర్ అడిగాడు. ఆయనెప్పుడూ అంతే, మంచి రోజున చెడ్డ మాట. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు. ఇక్కడ భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చింది. అంటే మా ద్వీపం వానాకాలానికే పరిమితం కాదు, దీపావళి తర్వాత కూడా అందుబాటులో ఉంటుంది.

అసలు విషయానికి వస్తాను. ద్వీపమన్నాక దానికి తగ్గ ఫైర్ సర్వీస్ ఉండాలి.

గత వరదలో కరెంటు తీసేశారు. మా ఎదురింటి వాళ్లు కింద ఉన్న పరుపులు, దుప్పట్లు అన్నీ మోసి పై అంతస్తులో గుట్ట పోసి, ఆ గుట్ట పక్కనే కొవ్వొత్తి పెట్టారు. ఆ తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. 101కి ఫోన్ కొడితే వాళ్లు ఆలస్యం చేయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. బండి మెయిన్ రోడ్డు మలుపు దాకా వచ్చి ఆగింది. అటుపైన రోడ్డెక్కడో, నాలా ఎక్కడో దేవుడికి కూడా తెలియదు. బండి ట్యాంకులో నాలుగున్నర వేల లీటర్ల నీళ్లు. మా వీధిలో నడుము లోతు నీళ్లు. మధ్యలో మంట.

చివరికి మేమే బాల్కనీ నుంచి తాడుతో బకెట్ వదిలి, వీధిలోంచి చేదుకుని ఆర్పాం. బావి కూడా ఇంత దగ్గర్లో ఉండదు. అప్పటికి ఇద్దరు ఫైర్ సిబ్బంది చేపలు పట్టేవాళ్ల థర్మాకోల్ తెప్ప ఒకటి అడిగి తీసుకుని, మెడలో లారీ ట్యూబులు వేసుకుని వచ్చారు. మంట లేకపోవడంతో ఎదురింటి ముసలమ్మను దింపే పని పెట్టుకున్నారు.

"అవ్వా, భయపడకు, గట్టిగ పట్టుకో."

"నాకేం భయం బిడ్డా, నీకు ఈత వస్తదా?"

ఆయన జవాబు చెప్పలేదు. తెప్పను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఆ శాఖ పేరులో ఇప్పుడు ఫైర్‌తో పాటు విపత్తు స్పందన కూడా ఉంది. అంటే నిప్పూ వాళ్లదే, నీరూ వాళ్లదే. బావిలో పడ్డ బర్రె, లిఫ్టులో ఇరుక్కున్న పెళ్లికొడుకు కూడా వాళ్ల ఖాతానే. వేసవిలో బండికి నీళ్లెక్కడ దొరుకుతాయని టెన్షన్, వానాకాలంలో బండికి నేలెక్కడ దొరుకుతుందని టెన్షన్.

పైదేశాల్లో ఎలా ఉందో చూద్దామని నేను కొంత పరిశోధన చేశాను. ఇటలీలో వెనిస్ నగరం దీవుల మీదే ఉంది. అక్కడ ఫైర్ వాళ్లు ఎర్ర పడవల్లో కాలువల వెంట వెళ్తారు. అలాంటి ఊళ్లో 1996 జనవరి 29న లా ఫెనీచే అనే పాత సంగీత నాటకశాల తగలబడింది. పక్క కాలువలను పూడిక తీయడానికి ఎండబెట్టి ఉంచారట, పడవలు దగ్గరికి రాలేకపోయాయి. చూశారా, పూడిక తీస్తే ఇలాంటి అనర్థాలు జరుగుతాయి. మా నాలా విషయంలో మన అధికారులు ఆ పొరపాటు ఎన్నడూ చేయలేదు.

ఇంకో సంగతి. ఆ నిప్పు పెట్టింది అక్కడ మరమ్మతులు చేస్తున్న ఎలక్ట్రీషియన్లేనని కోర్టు తేల్చింది. పని ఆలస్యమైతే జరిమానా పడుతుందని అంత పని చేశారు. ఆలస్యానికి జరిమానా! మా నాలా రిటైనింగ్ వాల్ కాంట్రాక్టర్‌కు ఈ కథ చెబితే చాయ్ పొలమారింది.

కాబట్టి నా అర్జీ సారాంశం ఇది. కాలనీని అధికారికంగా ద్వీపంగా గుర్తించాలి. ఒక ఫైర్ పడవ మంజూరు చేయాలి. లక్నవరంలో దీవులకు టూరిస్టులను తిప్పడానికి పడవలున్నప్పుడు, పన్ను కట్టే మాకెందుకు ఉండవు?

ఏప్రిల్‌లో అగ్నిమాపక వారోత్సవాలకు సిబ్బంది మా కాలనీకి వచ్చి, గ్యాస్ సిలిండర్ అంటుకుంటే తడి గోనెసంచి ఎలా కప్పాలో చూపించారు. అయిపోయాక అర్జీ తీసి వాళ్లలో పెద్దాయన చేతికిచ్చాను. తెప్ప మీద వచ్చింది ఆయనే. ఓపిగ్గా చదివి, మడిచి, మా ఇంటి వైపు చూశాడు.

"సార్, ఆ ప్రహరీ గోడ మీదేనా?"

"మాదే."

"నాలా మీదికి నాలుగు ఫీట్లు వచ్చినట్టున్నది గదా సార్."

అసలు విషయాన్ని పక్కదారి పట్టించేవాళ్లు ప్రతి శాఖలోనూ ఉంటారు. ఆయనకు చాయ్ తాగించి పంపాను. అర్జీలో ఒక వాక్యం మాత్రం కలిపాను: పడవ కట్టేసుకోవడానికి ఇబ్బంది లేకుండా, సదరు గోడకు కొక్కెం నా సొంత ఖర్చుతో పెట్టిస్తాను.