నలభై దాటితేనే ఎండ అంటామా?

మే నెలలో ఒక రోజు రెంటచింతలలో 44 డిగ్రీలు నమోదైందనుకోండి. అది వడగాలి రోజేనా అని ఎవరినైనా అడిగితే ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. కానీ వాతావరణ శాఖ నిబంధనల ప్రకారం కాకపోవచ్చు. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 ఉండాలి, దాంతోపాటు ఆ రోజుల్లో అక్కడ మామూలుగా కాసే ఎండ కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. లేదంటే మామూలు సంగతి పక్కనపెట్టి నేరుగా 45 తాకాలి. పల్నాడులో మే నెలలో మామూలు ఎండే నలభై దాటి ఉంటుంది కాబట్టి, 44 ఈ రెండు లెక్కల్లో దేనికీ అందదు. పైగా ఒక్క స్టేషన్ రీడింగ్ సరిపోదు. అంచనాల కోసం ఆ శాఖ విభజించుకున్న ఒక్కో ప్రాంతంలో కనీసం రెండు చోట్ల, వరసగా రెండు రోజులు అలా ఉంటేనే ప్రకటిస్తారు.

ఈ నిబంధన పిచ్చిదని నేను అనను. ఎండకు అలవాటైన ఊరికీ అలవాటులేని ఊరికీ ఒకే గీత గీయడం కుదరదు, అందుకే 'మామూలు కంటే ఎంత ఎక్కువ' అని చూస్తారు. కొండ ప్రాంతాలకు 30, తీరానికి 37 అని వేరే గీతలున్నదీ అందుకే. లండన్‌లో వరసగా మూడు రోజులు 28 దాటితే హీట్‌వేవ్ అంటారని మన వాట్సాప్ గ్రూపుల్లో నవ్వుకుంటాం గానీ, అక్కడి ఇళ్లు వేడిని లోపల దాచుకోవడానికి కట్టినవి, చాలావాటిలో ఏసీ లేదు. 2022 జులై 19న ఇంగ్లండ్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 నమోదైంది. మనకు అది ఏప్రిల్‌లో ఒక మామూలు మధ్యాహ్నం, వాళ్లకు మాత్రం చరిత్రలోనే లేని ఎండ.

ప్రపంచ వాతావరణాన్ని తరగతులుగా విడదీసి, వాటికి అక్షరాలతో గుర్తులిచ్చిన శాస్త్రవేత్త కోపెన్ పద్ధతిలో ఇంకో గీత ఉంది. అన్నింటికంటే వేడి నెలలో పగలూ రాత్రీ కలిపిన సగటు 22 డిగ్రీలు దాటితే అది 'వేడి వేసవి'. రోమ్ దాటుతుంది, లండన్ దాటదు. మన కోస్తా లాంటి ఉష్ణమండల ప్రాంతాలకైతే ఆ పద్ధతిలో ఈ ప్రశ్నే రాదు, ఏడాదంతా వేడే కాబట్టి వేసవికి వేరే అక్షరం అక్కర్లేదన్నమాట. కోపెన్ చూసింది ప్రధానంగా ఎక్కడ ఏ మొక్కలు పెరుగుతాయన్నది. చేనులో పనిచేసే మనిషికి అందులో జవాబు దొరకదు.

నాకు అసలు పేచీ ఇక్కడే. మన గీతలన్నీ థర్మామీటర్ చూపించే పగటి గరిష్ఠం మీదే ఉన్నాయి. ఒంటికి తగిలే వేడిలో అది ఒక భాగం మాత్రమే.

రామగుండంలో 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. విశాఖలో 36, తేమ 65 శాతం. టీవీలో ఎర్ర రంగు రామగుండానికే పడుతుంది. చెమట ఆరడం వల్ల ఒళ్లు ఎంతవరకు చల్లబడగలదో చెప్పే తడి థర్మామీటర్ లెక్క వేస్తే మాత్రం రామగుండంలో 24 దగ్గర, విశాఖలో 30 దగ్గర వస్తుంది. ఈ లెక్క 35కి చేరితే నీడలో కూర్చుని నీళ్లు తాగుతున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి బతకలేడని 2010లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులతో గదుల్లో తేలికపాటి పని చేయించి చూసిన తర్వాతి ప్రయోగాల్లో, అంతకంటే చాలా ముందే, ఉక్కపోత వాతావరణంలో 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. అంటే విశాఖలో ఆ 36 డిగ్రీల రోజు ప్రమాదానికి దగ్గరగా ఉన్న రోజు. వడగాలి నిబంధన ప్రకారం చూస్తే తీరం గీత 37 కూడా దాటలేదు కాబట్టి లెక్కలోకే రాదు!

అలాగని పొడి ఎండను తేలిగ్గా తీసుకోమని కాదు. గాలి ఒంటి చర్మం కంటే వేడెక్కాక అది మనలోకి వేడిని తోస్తుంది, చెమట పట్టిన సంగతి తెలియకముందే ఆరిపోతుంది, ఒంట్లో నీరు ఎంత పోయిందో అర్థం కాదు. 2015 మే నెలలో దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్లే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు.

ఇక రాత్రి సంగతి. పగలు 43 అయినా తెల్లవారుజామున 26కి దిగితే ఒళ్లు కాస్త తేరుకుంటుంది. రేకుల ఇంట్లో, కరెంటు పోయి, అర్ధరాత్రికీ 31 ఉంటే మర్నాడు పనికెళ్లే మనిషి ముందే సగం అలసిపోయి వెళ్తాడు. వాతావరణ శాఖ 'వెచ్చని రాత్రి' అని ఒకటి ప్రకటిస్తుంది, నిజమే, కానీ దానికీ పగలు 40 దాటి ఉండాలన్న షరతు ఉంది. మళ్లీ నలభయ్యే. తీరంలో పగలు 37, రాత్రి 31 అయితే ఈ ప్రకటన కూడా రాదు.

కొంత మార్పు మొదలైంది. 2023 నుంచి వాతావరణ శాఖ తేమను కలిపిన హీట్ ఇండెక్స్‌ను ప్రయోగాత్మకంగా ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ సంస్థ మండలాలవారీగా వడగాలి హెచ్చరికలు పంపుతోంది, ఇది మంచి పని. ఆ హెచ్చరికలో గరిష్ఠంతో పాటు తేమ, రాత్రి ఉష్ణోగ్రత కూడా ఉండాలి, ఉపాధి హామీ పని వేళలు ఆ మూడింటిని బట్టి మారాలి అన్నది నా అభిప్రాయం. ఖర్చు పెద్దగా లేదు, ఆటోమేటిక్ స్టేషన్లు తేమను ఎలాగూ కొలుస్తున్నాయి.

దీనికి డబ్బు కోణం కూడా ఉంది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడగాలులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, వడదెబ్బతో చనిపోయిన వారి కుటుంబానికి పరిహారాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది. పరిహారం రావాలంటే అది వడదెబ్బ మరణమేనని అధికారులు తేల్చాలి. 36 డిగ్రీల ఉక్కపోత రోజు, ఏ హెచ్చరికా లేని రోజు, చేపల రేవులోనో ఇటుక బట్టీలోనో ఒక మనిషి కుప్పకూలితే మరణ కారణం రాసే కాగితం మీద వడదెబ్బ అని ఎవరు రాస్తారు? గుండెపోటు అని రాసి ఫైలు మూసేస్తారు.