సంగటి మాడ్చిన ఇండక్షన్ పొయ్యి గారికి

మహారాజశ్రీ ఇండక్షన్ పొయ్యి గారి దివ్య సముఖానికి,

తమరు క్షేమమే. ఇందాకే తమరి అద్దం మొహం తడిగుడ్డతో తుడిచాను, గీత కూడా పడలేదు. మాడింది మా సంగటి ఒక్కటే.

ఆదివారం, ఇంటినిండా చుట్టాలు. నాటుకోడి పులుసు ఉడికీ ఉడకగానే సిలిండరు ఖాళీ. బుక్ చేసింది ఎప్పుడొస్తుందో ఆ వెంకన్నకే ఎరుక. సంగటికి తమరే దిక్కయ్యారు.

తమరి మడి సంగతి ముందే తెలుసు. సత్తు తపేలా మైల, ఇత్తడి మైల, రాగి చెంబూ మైలే. అయస్కాంతం అతుక్కునే గిన్నె అయితేనే తమరు వేడెక్కిస్తారని అంగడాయన చెప్పాడు, డబ్బులు లెక్కపెట్టుకున్నాక. కొండ మీద కొన్న స్వామి బొమ్మ అయస్కాంతాన్ని ఫ్రిజ్ మీంచి పీకి వంటింట్లో ప్రతి గిన్నెకీ ఆనించి చూశాం. సగం స్టీలు గిన్నెలకు కూడా స్వామి అతుక్కోలేదు. గాంధీ రోడ్డుకు పోయి తమరికోసం కొత్త గిన్నె తెచ్చాం.

ఇంతా చేస్తే ఏం వెలగబెట్టారు? నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, నడుమ కట్టెతో గుంత చేసి, కలపకుండా సన్న సెగన వదలాలి. ఆ సన్న సెగే తమరికి చేతకాదు. ఎంత తగ్గించినా కాసేపు కుతకుతా ఎగరడం, కాసేపు చడీచప్పుడు లేకుండా పడుకోవడం, మళ్ళీ ఉలిక్కిపడి లేవడం. మూత తీస్తే అంచుల్లో పచ్చి పిండి, నడుమ మాడు వాసన. గిన్నె కిందికి దించి కాళ్ళ మధ్య బిగించి గెలకబోతే తమరు కీచుకీచుమని ఒకటే కూత. "ఏందిరా ఇది, గిన్నె దించినా అరస్తా ఉండాది" అంటూ మా అవ్వ వచ్చింది. ఎంత గెలికినా ఉండలే. గిన్నె వంచి చూస్తే అడుగున నల్లగా, గాజులా గుండ్రంగా, తమరి తీగచుట్ట అచ్చు.

ఆ ఉండల్ని వేళ్ళతో చిదుపుతూ అవ్వ నా మొహంలోకి చూసింది. ఇంక మీరూ గీరూ చాలు. గంటకు 2 యూనిట్లు మింగుతావు, ముద్ద ఉడికించలేవా? నీకోసం ఇంటి ఓనరును బతిమాలి 15 ఆంపుల ప్లగ్గు పెట్టించాం. కరెంటు రెప్పపాటు పోయొస్తే అంతా మరిచి మళ్ళీ మొదట్నుంచి నొక్కించుకుంటావు.

2023లో నీ జాతిని 20 లక్షల ఇళ్ళకు చేరుస్తామని కేంద్ర ప్రభుత్వ సంస్థే ప్రకటించింది. పొగ లేదు, మసి లేదు. నిజమే, కట్టెల పొయ్యి ఊది ఊది కళ్ళు మండించుకున్న అవ్వ కూడా అదొక్కటి ఒప్పుకుంటుంది. కానీ నీ ఒంటిమీద ఇడ్లీకి మీట ఉంది, దోసెకి ఉంది, చపాతీకి కూడా ఉంది. సంగటి మీట ఏది? నిన్ను తయారు చేసినోడు మా సీమలో ఒక్క పూటైనా తిన్నాడా?

రేప్పొద్దున కాఫీకి పాలు నీ మీదే పెడతాను. ఆ పనిలో నిన్ను మించినోళ్ళు లేరు. సంగటి గిన్నె కనబడితే మాత్రం నోరు మూసుకుని పక్కకు జరుగు.

ఇట్లు,
నాటుకోడి పులుసును అంగడి పరోటాలతో తిన్న ఇంటివాళ్ళం,
కొర్లగుంట, తిరుపతి.