అణు మేఘాల పీడనం: కొలిచింది ఎంత, ఊహించింది ఎంత?

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ బారోమీటర్ 910 హెక్టోపాస్కల్‌ల దగ్గర తచ్చాడుతుంది. అనుమానం వస్తే పక్కన ఇంకోటి పెట్టి చూసుకోవచ్చు. నక్షత్రాలు పుట్టే అణు మేఘాలకు ఆ వీలు లేదు. అణు మేఘమంటే బాంబు పొగ కాదు, హైడ్రోజన్ అణువులతో నిండిన చల్లటి చీకటి వాయురాశి. న్యూక్లియర్ అన్న ప్రతిదాన్నీ అణు అని రాసి పత్రికలు తెచ్చిపెట్టిన చిక్కు ఇది. అయినా పరిశోధన పత్రాల్లోనూ, వాటిని చూసి రాసే సైన్స్ వార్తల్లోనూ ‘మేఘం పీడనం ఇంత’ అని ఒకే ఒక్క అంకె ధీమాగా కనిపిస్తుంది. నా పేచీ ఆ ధీమాతోనే.

హైడ్రోజన్ అణువు అంత చలిలో నోరు మెదపదు. అందుకే దాని పక్కన కొద్దిపాటిగా ఉండే కార్బన్ మోనాక్సైడ్‌ను 115.271 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో టెలిస్కోప్‌తో వింటాం. స్పెక్ట్రమ్‌లో అక్కడ లేచే శిఖరాన్నే రేఖ అంటాం, వాయువులో వేగాల తేడా ఎంత ఉంటే అది అంత వెడల్పవుతుంది. ఘనసెంటీమీటరుకు 1,000 అణువులు, ఉష్ణోగ్రత 10 కెల్విన్ అనుకుంటే, రెండింటినీ గుణిస్తే 10,000. ఈ రంగంలో పీడనాన్ని చెప్పే పద్ధతి ఇదే. పాస్కల్‌లలో రాయాలంటే దశాంశ బిందువు తర్వాత పన్నెండు సున్నాలు పెట్టి 138 వేయాలి.

ఇది కేవలం వేడి వల్ల వచ్చే పీడనం. మేఘంలో అసలు గొడవ వేరే ఉంది. 10 కెల్విన్ దగ్గర అణువుల కదలిక ఒక్కటే ఉంటే కార్బన్-13 మోనాక్సైడ్ (బరువైన కార్బన్ ఉన్న అరుదైన రకం) రేఖ వెడల్పు సెకనుకు 0.13 కిలోమీటర్లు మించకూడదు. స్పెక్ట్రమ్ తీసి చూస్తే 2.4 ఉందనుకుందాం, పెద్ద మేఘాల్లో అది మామూలే. ఈ వెడల్పు రేఖ సగం ఎత్తు దగ్గర కొలిచినది కాబట్టి సిగ్మా, అంటే వేగాల ప్రామాణిక విచలనం, రావాలంటే 2.355తో భాగించాలి. వచ్చేది 1.02. అదే వాయువులో ధ్వని వేగం సెకనుకు 0.19 కిలోమీటర్లు. రెండింటి నిష్పత్తిని వర్గం చేస్తే దాదాపు 29. అంటే మనం 10,000 అనుకున్న పీడనం, వాయువులోని అల్లకల్లోలాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే మూడు లక్షలకు ఎగబాకింది. ఇక 10 మైక్రోగాస్‌ల అయస్కాంత క్షేత్రం ఉంటే దాని వాటా ఇంకో 29,000. మూడింటిలో దేన్ని పీడనం అందాం?

అన్నీ కూడేయొచ్చు కదా అంటారా? అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. రేఖ వెడల్పు వర్గంలోకి వెళ్తుంది కాబట్టి అక్కడ చేసిన చిన్న పొరపాటు కూడా చిన్నదిగా మిగలదు. 2.355తో భాగించడం మరిచిపోతే పీడనం ఐదున్నర రెట్లు పెరుగుతుంది. మామూలు కార్బన్ మోనాక్సైడ్ రేఖ మేఘం మధ్యలో సంతృప్తమై శిఖరం చదునవుతుంది, వెడల్పు అబద్ధంగా పెరుగుతుంది. దానికి బదులు 110.201 దగ్గర కార్బన్-13 రేఖను, అదీ సంతృప్తమైతే 109.782 దగ్గర ఆక్సిజన్-18 రేఖను వాడాలి. ఒకే చూపు దారిలో రెండు మేఘాలుంటే ఒకే గాసియన్ (గంట ఆకారపు వక్రరేఖ) గీసి రెండింటినీ కలిపేసే ఘనులూ ఉన్నారు. వీటన్నిటికంటే పెద్ద తప్పు ఇంకోటి. మేఘం తన బరువుకు తానే కుంగిపోతున్నా రేఖ వెడల్పవుతుంది. ఆ వెడల్పును తీసుకెళ్లి పీడనం ఖాతాలో జమ చేస్తే, కూలుతున్న గోడ చప్పుడు విని పునాది ఎంత గట్టిదో అని మెచ్చుకున్నట్టే.

అవతలి వాదనలోనూ పస ఉంది. రెండు మూడు రేఖల తీవ్రతలను పోల్చి రాడెక్స్ లాంటి ప్రోగ్రామ్‌కి ఇస్తే సాంద్రత, ఉష్ణోగ్రత విడివిడిగా తేలకపోయినా, వాటి లబ్ధం చాలాసార్లు బాగానే తేలుతుందని, అంటే పీడనమే ఎక్కువ నమ్మదగ్గదని అంటారు. నిజమే. పలుచటి వాయువులో హబుల్ టెలిస్కోప్ అతినీలలోహిత కార్బన్ రేఖలతో 2011లో జెంకిన్స్, ట్రిప్ తేల్చిన సగటు 3,800 కూడా గట్టి కొలతే. అయితే రెండూ వేడి పీడనాలే. హబుల్ పద్ధతికి వెనక నక్షత్రం కనిపించాలి, దట్టమైన మేఘం వెనక అది అతినీలలోహితంలో కనిపించదు. రేఖల నిష్పత్తి పద్ధతిలో, అదే డిష్ మీద 230 గిగాహెర్ట్జ్ దగ్గరుండే కార్బన్ మోనాక్సైడ్ రెండో రేఖకు బీమ్, అంటే డిష్ ఒకేసారి చూసే ఆకాశపు ముక్క, వెడల్పులో 115 దానిలో సగమే ఉంటుంది. రెండింటినీ ఒకే బీమ్‌కి సరిచేయకపోతే చిన్న మూలం విషయంలో నిష్పత్తి నాలుగు రెట్ల దాకా తప్పుతుంది.

ధూళిని నమ్ముకున్నా ఇదే కథ. బర్నార్డ్ 68 అనే చిన్న నల్ల మేఘం వెనకున్న నక్షత్రాల రంగు ఎంత ఎర్రబారిందో చూసి, 2001లో ఆల్వెస్, లాడా, లాడా దాని లోపలి అమరికను గీశారు. మేఘం పరిమాణాన్ని యూనిట్ లేని అంకెగా చెబితే, కుంగిపోకుండా నిలిచే సమతౌల్యం హద్దు 6.5 అయితే దానిది 6.9 వచ్చింది. అందమైన పని. కానీ అందులోంచి పీడనం తీస్తే అది వాయువు మందం వర్గం మీద ఆధారపడుతుంది. ధూళికి వాయువు ఎంత అన్న లెక్క 30 శాతం ఎక్కువైతే పీడనం 69 శాతం ఎక్కువవుతుంది.

ఇవన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకునే సంగతులు కావు. అనంతపురం నుంచో కర్నూలు నుంచో బెంగళూరు వచ్చి ఖగోళశాస్త్రం చదివే మన పిల్లలు చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపుల ఆర్కైవ్ నుంచి శుద్ధి చేసిన ఫైళ్లు దించుకుంటారు. వాళ్ల చేతికొచ్చే సరికి కాలిబ్రేషన్ అయిపోయి ఉంటుంది. రిసీవర్ ముందు గది ఉష్ణోగ్రతలో ఉన్న లోడ్ (తరంగాలను పీల్చే పలక) పెట్టి, తీసి, ఖాళీ ఆకాశంతో పోల్చి, డిష్ సామర్థ్యంతో భాగించే ఆ తంతులోనే తీవ్రత 20 శాతం అటూ ఇటూ అవుతుందని వాళ్లకు ఎవరు చూపించాలి?

చూపించాలంటే మన దగ్గరే ఒక డిష్ ఉండాలి. బెంగళూరు మేఖ్రీ సర్కిల్ దగ్గరున్న రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో 1980లలోనే 10.4 మీటర్ల మిల్లీమీటర్ తరంగ డిష్ పెట్టారు. 115 గిగాహెర్ట్జ్ దగ్గర దాని బీమ్ సుమారు 62 ఆర్క్‌సెకన్లు, అంటే ఒరాయన్ మేఘం దూరంలో 0.12 పార్సెక్ (ఒక పార్సెక్ 3.26 కాంతి సంవత్సరాలు). ఒక నక్షత్రం పుట్టే గడ్డ సరిగ్గా అందులో ఇమిడిపోతుంది. కానీ బెంగళూరు తేమ, దానికి తోడు 118.75 దగ్గర గాలిలోని ఆక్సిజన్ రేఖ కలిసి ఈ పౌనఃపున్యాన్ని ఇక్కడ కష్టతరం చేస్తాయి. పుణే దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ 1.45 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. దేశంలో దీనికి తగిన చోటు లడఖ్‌లోని హాన్లే. 4,500 మీటర్ల ఎత్తు, పొడి గాలి. అక్కడి 2 మీటర్ల టెలిస్కోప్‌ను బెంగళూరు శివార్లలోని హొసకోటె నుంచే నడుపుతున్నారు కాబట్టి దారీ తెలిసిందే. అదే 10.4 మీటర్ల డిష్ అక్కడ ఉంటే 345.8 గిగాహెర్ట్జ్ దగ్గరి కార్బన్ మోనాక్సైడ్ మూడో రేఖకు 21 ఆర్క్‌సెకన్ల బీమ్ వస్తుంది. అందుకు డిష్ పలకలన్నీ 43 మైక్రాన్లలోపు తేడాతో కుదరాలి. అంత కుదిరినా, ఆ ఎగుడుదిగుళ్ల వల్లే మూడో వంతు సిగ్నల్ పోతుంది.