డ్రాక్యులాను చంపిన బావ

హనుమకొండలో దసరా అంటే రెండు తప్పవు. పొద్దున మేక. మధ్యాహ్నం ఆ మేకను తిని సోఫాలో వాలిన నలభై దాటిన మగవాళ్ల నోట ‘మా కాలంలో’. మొదటిదైతే అరుగుతుంది.

ఈసారి బలైంది మా మేనల్లుడు. వాడు టీవీకి తగిలించుకుని ఆడుతున్నది క్యాసిల్‌వేనియా. 1986లో జపాన్‌లో కొనామి అనే కంపెనీ వాళ్లు తీసిన వీడియో గేమ్. సైమన్ బెల్మాంట్ అనేవాడు కొరడా పట్టుకుని డ్రాక్యులా కోటలో దూరతాడు, 18 స్టేజీలు దాటి ఆయన పని పట్టి వస్తాడు. కథ ఇంతే. 2019లో ఆ వరస పాత ఆటలు కొన్ని కలిపి మళ్లీ తెచ్చినప్పుడు ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకుని, చచ్చినా అక్కడి నుంచే మళ్లీ ఆడే సదుపాయం పెట్టారు. పిల్లాడు దాన్ని నొక్కాడు. బావ చూశాడు.

“ఏందిరా, సేవ్ చేసుకుంట ఆడుడు గూడ ఒక ఆటనా? మేమైతే ఒక్క బిగిన కొట్టెటోళ్లం డ్రాక్యులాను.”

మన జిల్లాలో నలభై దాటిన ప్రతి మగవాడూ చిన్నప్పుడు డ్రాక్యులాను ఒక్క బిగిన చంపినవాడే. చంపలేకపోయానన్న మనిషి నాకింతవరకూ తగల్లేదు. ఇంతమంది చేతిలో చచ్చినందుకు ఆ పెద్దమనిషికి ఇక్కడే ఎక్కడో ఒక సమాధి కట్టించడం మన కనీస ధర్మం.

సరే, బావ ప్యాడ్ అందుకున్నాడు. ఎక్కడి నుంచి? కొడుకు సేవ్ చేసి పెట్టిన 15వ స్టేజీ నుంచి. మొదటి నుంచి ఆడే టైమ్ లేదట, సాయంత్రం జమ్మికి పోవాలట.

ఆడినవాళ్లకు ఆ స్టేజీ గురించి చెప్పక్కర్లేదు. చివర్లో మృత్యువు కొడవళ్లతో కాచుకుని ఉంటాడు. ఆయన గదికి ముందు ఒక నడవ. కవచం తొడిగినవాళ్లు తలకొకటి, కాళ్లకొకటి గొడ్డళ్లు విసురుతుంటారు. మధ్యలో మెడూసా తలకాయలు పాము జుట్టుతో గాల్లో పైకీ కిందికీ ఊగుతూ వస్తుంటాయి. ఒక్కటి తగిలినా సైమన్, తరతరాలుగా పిశాచాలను వేటాడే వంశంలో పుట్టినవాడు, బొద్దింకను చూసిన కొత్తల్లుడిలా వెనక్కి ఎగిరి పడతాడు. ప్రాణం 16 గీతలు. అక్కడ ఒక్కో దెబ్బకు నాలుగు పోతాయి.

మొదటి దెబ్బకు బావ ప్యాడ్‌తో సహా కుడివైపు ఒరిగాడు. రెండో దెబ్బకు ఎడమవైపు, నా మీదికి. ఒకసారి దూకాక సైమన్ గాల్లో దారి మార్చుకోలేడు. ఎటు దూకితే అటే. అది తెలియక బావ గాల్లో ఉన్నవాణ్ని వెనక్కి గుంజుతూ “ఆగురా, ఆగు” అని బతిమాలుతున్నాడు. చచ్చాడు. “ప్యాడ్ మంచిగ లేదు.” చచ్చాడు. “టీవీ మరీ పెద్దగుంది, కండ్లు గుంజుతున్నయ్.” చచ్చాడు. “మా క్యాసెట్ల గీ తలకాయలు గింత స్పీడ్ లేకుండె.” ఈ కోటలో కొన్ని గోడలు పగలగొడితే వండిన మాంసం వస్తుంది, తింటే ప్రాణం పెరుగుతుంది (ఎప్పుడు వండారని అడగకూడదు). అది గుర్తొచ్చి బావ కనపడ్డ గోడనల్లా కొరడాతో బాదడం మొదలుపెట్టాడు. వెనక నుంచి తలకాయ వచ్చి తగిలింది. వంటింట్లోంచి అక్క “జమ్మికి పోవద్దా?” అంది. “ఒక్క నిమిషం.” చచ్చాడు.

పిల్లాడు మెల్లగా అడిగాడు: “డాడీ, జెర ముందుకు పోయినంక సేవ్ చెయ్యాల్నా?”

బావ అటూ ఇటూ చూశాడు. “చెయ్.”

ఇక్కడితో వదిలేసేవాణ్నే. రాత్రి భోజనాల దగ్గర మళ్లీ ఎత్తుకున్నాడు: “మేము కష్టపడి ఆడినం. గందుకే గట్టిగైనం.”

ఏం గట్టిపడ్డావు బావా? 1986లో ఈ ఆట జపాన్‌లో డిస్క్ మీద వచ్చినప్పుడే అందులో సేవ్ ఉంది. చేసినవాళ్లే పెట్టారు. ఆడేవాడికి అన్నం, నిద్ర, బడి ఉంటాయని వాళ్లకు తెలుసు. మరుసటేడు అమెరికా వెళ్లిన క్యాసెట్‌లో అది ఎగిరిపోయింది. మనకు దొరికినవి సేవ్ లేని క్యాసెట్లే. దానికితోడు ఎండాకాలం కరెంటు. డ్రాక్యులా గది మెట్ల దాకా పోయినవాడైనా సరే, టీవీ ఆరిపోయిందంటే మళ్లీ మొదటి స్టేజీ. ఆటలో కొవ్వొత్తిని కొడితే గుండెకాయ రాలేది. ఇంట్లో కొవ్వొత్తి వెలిగిస్తే దోమలొచ్చేవి. పదేళ్ల పిల్లలు కళ్లు తుడుచుకుంటూ వైర్లు చుట్టిపెట్టేవాళ్లు. దాన్ని శిక్షణ అనడానికి నోరెలా వస్తుంది? అవే కొవ్వొత్తుల కింద టెన్త్‌కు చదివి లెక్కల్లో పోయి, ఆ ఏడే పనిలో చేరినవాళ్లు మన వాడకట్టులోనే ఉన్నారు. చీకటి వల్ల గట్టిపడ్డామని వాళ్లను ఒక్కమాట అనమను చూద్దాం! కరెంటు ఇవ్వనివాణ్ని అప్పుడు ఒక్క మాట అడగలేదు, ఇప్పుడు బటన్ నొక్కిన పిల్లాడి మీద ఎగురుతున్నారు. వాడు నొక్కితే మీ సొమ్మేం పోయింది?

అందుకే వచ్చే దసరాకు ఒక ఏర్పాటు చేద్దామన్నాను. ‘మా కాలంలో’ అన్న ప్రతి పెద్దమనిషికీ ప్యాడ్ ఇస్తాం. మొదటి స్టేజీ నుంచి, సేవ్ లేకుండా. డ్రాక్యులా గది మెట్లెక్కుతుండగా మెయిన్ స్విచ్ కట్టేసే బాధ్యత నాది.

బావ జంకలేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉందన్నాడు.